సఫోక్ పల్లెల ముచ్చట్లు

కూచో నాయనా, ఆ ఫోను పక్కన పెట్టు. దెయ్యం కథ కావాలన్నావుగా! సఫోక్ అని ఇంగ్లండు తూర్పు కొసన, సముద్రాన్ని ఆనుకుని ఓ పల్లెటూళ్ళ సీమ ఉంది. అక్కడి కథలు నిదానంగా వినాలి.

ముందు, రాత్రిళ్ళు ఇలాంటి కథలు చెప్పుకునే దీపం సంగతి. పూర్వం ఆ దేశపు పేదలు తుంగకాడల పై తొక్క వలిచి, కరిగిన కొవ్వులో ముంచి, ఆరబెట్టి వెలిగించుకునేవాళ్ళు. గిల్బర్ట్ వైట్ అనే చర్చి గురువు 1789లో అచ్చేసిన పుస్తకంలో ఆ లెక్క కూడా రాశాడు. పావు పెన్నీకి ఐదున్నర గంటల వెలుగట! ఆయనది సఫోక్ కాదు, హాంప్‌షైర్ అనే వేరే సీమ అనుకో. సరే, దీపం పట్టుకుని ఎటో పోతున్నాను.

1577 ఆగస్టు 4, ఆదివారం. సఫోక్‌లోని బంగే ఊళ్ళో జనమంతా చర్చిలో ఉండగా ఉరుములు, మెరుపులు. ఆ గాలివానలో ఓ నల్లకుక్క లోపలికి దూకి మనుషుల్ని చంపిందని చెప్పుకున్నారు. అదేరోజు బ్లైత్‌బర్గ్ చర్చిలోనూ పడిందట. అక్కడి తలుపు మీద కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అవి దాని గోళ్ళ గుర్తులంటారు. పిడుగు పడి ఉంటుందిరా! కానీ భయం పట్టినవాడికి తాడైనా పామే.

నీ దెయ్యం అయిపోయింది. ఇక నాకిష్టమైనవి విను.

12వ శతాబ్దంలో, కోతల రోజుల్లో, ఉల్‌పిట్ అనే ఊరి తోడేళ్ళ గోతుల దగ్గర ఓ పిల్లా, ఓ పిల్లాడూ దొరికారట. తోబుట్టువులు. ఒళ్ళంతా ఆకుపచ్చ. వాళ్ళ మాట ఎవరికీ తెలియదు. ఏం పెట్టినా ముట్టరు, ఆకలికి ఏడుస్తున్నారు. అప్పుడే కోసుకొచ్చిన చిక్కుడు మొక్కలు కంటబడేసరికి లాక్కుని, కాడలు చీల్చి గింజలకోసం వెతికారట. కాడలో ఏముంటాయి? మళ్ళీ ఏడుపు. పక్కనున్నవాళ్ళు కాయ ఒలిచి చూపించారు. చాన్నాళ్ళు ఆ గింజలే వాళ్ళకి అన్నం. పిల్లాడు దక్కలేదు. పిల్ల మాత్రం అందరి తిండికీ అలవాటు పడింది, పచ్చరంగు పోయింది. ఆ కాయ ఒలిచి చూపించిన చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇంకో ముచ్చట చూడు. అదే సీమలో ఆర్ఫర్డ్ కోట ఉంది. రెండో హెన్రీ రాజు 1,400 పౌన్లకు పైగా పోసి 1173కల్లా కట్టించాడు. అక్కడి జాలర్ల వలలో ఒళ్ళంతా వెంట్రుకలున్న మనిషి పడ్డాడట. కోటలో పెట్టారు. పచ్చి చేపనిస్తే అరచేతుల మధ్య పెట్టి, నీరంతా పోయేదాకా పిండి తినేవాడు. మాట్లాడమని కాళ్ళకి తాడేసి వేలాడదీశారు. నోరు లేనివాణ్ణి నిలదీస్తే ఏం చెప్తాడు, పాపం!

ఓ రోజు మూడు వరసల వలలు కట్టి అతణ్ణి సముద్రంలోకి వదిలారు. వలల కిందినుంచి దూరిపోయి, ఒడ్డున ఉన్నవాళ్ళని చూస్తూ మునిగి తేలి, ఆడుకుని ఆడుకుని, తనంతట తానే తిరిగొచ్చాడు. వేలాడదీసినవాళ్ళ దగ్గరికేరా! కొత్తొక వింత, పాతొక రోత కదా, మెల్లగా కాపలా సడలింది. అప్పుడు సముద్రంలోకి పోయినవాడు మరి రాలేదు. నువ్వైతే మొదటిసారైనా వచ్చేవాడివా?