వెనుక పట్టు, ముందు తోలు

2027తో హిమాయత్ సాగర్‌కు నూరేళ్లు నిండుతాయి. ఔటర్ రింగురోడ్డు మీద శంషాబాద్ విమానాశ్రయానికి పరుగెత్తేవాళ్లకు ఈసీ నది మీది ఆ కట్ట గేట్లెత్తినప్పుడే గుర్తొస్తుంది. కట్ట గురించి, దాని 17 గేట్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను దాన్ని కట్టించిన నిజాంల కుటుంబపు చరిత్రలోంచే మరో వస్తువును ముందుకు తెస్తున్నాను. అది పాత కారులోని తోలు సీటు.

కారు రాకముందు తోలు కథ చాలా పొడవైనదే అయినా, రాసిపెట్టినవాళ్లు తక్కువ. పల్లెపల్లెనా తోళ్లు ఊరబెట్టే లంద ఉండేది. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. పైన కానుగ నూనె పట్టించేవారు. మోట బొక్కెన, చెప్పు, డప్పు, ఎద్దుల పట్టెడ అన్నీ ఆ చేతుల మీదుగా వచ్చినవే. ఆ విద్యను మాదిగ కుటుంబాలు తరతరాలుగా కాపాడాయి, ఊరు మాత్రం వాళ్లను వెలుపలే ఉంచింది. పందొమ్మిదో శతాబ్దంలో తంగేడు చెక్కతో ఊరిన దక్షిణాది తోళ్లు మద్రాసు రేవు నుంచి లండన్ బజారుకు ఓడలెక్కాయి. తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని చెక్కకున్న ఈ చరిత్ర కూడా మన పిల్లలకు తెలియాలి.

ఇక నాకెంతో ఇష్టమైన ఘట్టం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ముంచినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చింది కూడా ఆయనే. అది చేతికందకముందే, 1911 ఆగస్టు 29న, ఫలక్‌నుమాలో కన్నుమూశారు. తండ్రి వదిలివెళ్లిన రెండు పనులూ ఉస్మాన్ అలీ ఖాన్‌కు వచ్చాయి. ఒకటి వరదను కట్టడి చేయడం. విశ్వేశ్వరయ్య సూచనతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. రెండోదానికి పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ఆజం జాగా మనకు తెలిసిన యువరాజు ఆయనే. తండ్రి వదిలిన మరో పని ఆ పసుపురంగు కారును అందుకోవడం.

లండన్‌లోని బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. వెనుక భాగంలో నవాబు కూర్చునే ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చి, పట్టు జరీతో అలంకరించారు. పసుపు అసఫ్‌జాహీల రంగు. ఊరేగింపుల కోసమే చేసిన బండి కాబట్టి అది తిరిగింది చాలా తక్కువ. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. చూడటానికి వెళ్లినవాళ్ల కళ్లు నేరుగా ఆ సింహాసనం మీదికే పోతాయి. నాకు మాత్రం ఆనాటి కార్లలో ముందు సీటు మీద ప్రేమ. గుర్రపు బగ్గీల కాలం నుంచి ఒక ఆచారం ఉండేది: లోపల కూర్చునే దొరకు పట్టు, ఉన్ని బట్ట, బయట ఎండావానల్లో కూర్చునే సారథికి తోలు. తోలు విలాసమైంది తర్వాత. అప్పట్లో అది పనివాడి సీటు. డ్రైవరు నడుము ఒత్తిన చోట పడ్డ గుంట, తలుపు వైపు అంచున అరిగిన రంగు అతని ఉద్యోగానికి మిగిలిన ఏకైక రికార్డు. అందుకే పాత సీటును కొత్తదానిలా మార్చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మరి ఎలా కాపాడాలి? మన ఊళ్లో తోలుకు శత్రువు గాలిలోని తేమ. మే నెలలో గాలి ఎండిపోయి తోలు బిగుసుకుంటుంది, ఆగస్టులో తేమ పీల్చి ఉబ్బుతుంది, మూసిన షెడ్డులో బూజు పడుతుంది. ఈ సాగదీత ఏటా జరిగితే కుట్ల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. కాబట్టి మొదటి మందు గాలి ఆడటం, నేరుగా ఎండ పడకపోవడం. గదిలో తేమ 65 శాతం దాటకుండా చూస్తే బూజు చాలావరకు దరిచేరదు.

శుభ్రం చేసేటప్పుడు ముందు మెత్తటి బ్రష్షుతో కుట్ల సందుల్లోని దుమ్ము తీయాలి. ఆ ఇసుక రేణువులే తోలును కోస్తాయి. తర్వాత తెల్ల నూలుగుడ్డను శుద్ధజలంలో ముంచి గట్టిగా పిండి, సీటు కింద కనబడని చోట రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపాలి. బట్టల సబ్బు అస్సలు వద్దు. తోలు స్వభావం ఆమ్లం, సబ్బుది క్షారం. స్పిరిట్ తగిలితే పాత సీట్ల మీది నైట్రోసెల్యులోజ్ లక్క రంగు కరిగిపోతుంది. నూనె విషయంలో ప్రేమ ఎక్కువైతేనే ప్రమాదం: అతిగా పట్టిస్తే తోలు నల్లబడి దుమ్మును అంటించుకుంటుంది, కుట్టు దారం కుళ్లుతుంది. రోల్స్‌రాయిస్‌కు తోలు సరఫరా చేసిన లండన్ కనోలీ సంస్థ తయారుచేసిన క్రీమును కూడా కొంచెమే తీసుకుని, చేత్తో రుద్ది, మిగిలింది తుడిచేయాల్సిందే. కుట్టు విడిపోతే ముందు కుట్టు వేయించాలి, మెరుపు సంగతి తర్వాత.

1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక కథ ముక్కలు ముక్కలుగా సాగింది. నిజాం నివాసమైన కింగ్ కోఠీ షెడ్లలో కార్లు కదలక నిలిచిపోయాయి. అంబాసిడర్, పద్మినీలతో పాటు రెగ్జిన్ వచ్చింది. తడిగుడ్డతో తుడిస్తే చాలు కాబట్టి తోలు సంరక్షణ తెలిసినవాళ్లకు పని తగ్గింది. 2000లో పురానీ హవేలీలో నిజాం మ్యూజియం తెరిచారు, 1930 నాటి రోల్స్‌రాయిస్ అక్కడుంది. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చాక ఆ దారిలో పరిగెడుతున్న కొత్త కార్ల తోలు మీద పాలియురెథేన్ పూత ఉంటుంది. ఆ పూత కోసం చేసిన సీసాలే ఇప్పుడు ప్రతి షాపులోనూ. పాత కారు కొన్న కుర్రాళ్లు అవే తెచ్చి పూస్తున్నారు. ఆ పూత లేని వందేళ్ల తోలు వాటిని పీల్చుకుని జిడ్డుగా మారుతుంది, ఆ జిడ్డును బయటికి తీయడం దాదాపు అసాధ్యం.

స్ప్రింగు మీద గుర్రపు వెంట్రుకలు పరిచి, తోలు బిగించి చేత్తో కుట్టగల సీటు పనివాళ్లు నగరంలో ఇంకా కొందరున్నారు. పాత తోలును ఊడబీకి కొత్తది వేయమని అడిగేవాళ్లే వాళ్ల దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఉన్నదాన్ని వెనుక నుంచి అతుకువేసి నిలబెట్టమని అడగండి. దానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆ సమయానికి తగిన కూలి ఇవ్వండి.