మూత్రవ్యవస్థలో అరుదైన క్యాన్సర్లు

మూత్రం తయారై బయటికి వచ్చే దారిలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువ భాగం మూత్రాశయం లోపొరకు చెందినవే. మూత్రపిండపు గిన్నెలోనూ, అక్కడి నుంచి దిగే నాళంలోనూ వచ్చేవి కలిపి ఆ పొర క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం. బొడ్డుకూ మూత్రాశయానికీ మధ్య పిండదశలో ఉండి మూసుకుపోయే యురేకస్‌లో పుట్టేది, పొలుసుకణ రకం, చిన్నకణ రకం చాలా దేశాల్లో అరుదు. రోగి ఏ పని చేశాడు, ఏ నీళ్లలో దిగాడు, ఏ మందు మింగాడు అని ఆరా తీసినవాళ్లే వీటి చరిత్రలో చాలా భాగం రాశారు.

1851లో కైరోలో బిల్హార్జ్ అనే వైద్యుడు మనిషి రక్తనాళాల్లో ఒక పురుగును కనుగొన్నాడు. నైలు కాలవల్లో దిగే రైతుల మూత్రంలో రక్తానికి అదే మూలం. 1911లో ఫెర్గుసన్ అనే వైద్యుడు దాన్ని మూత్రాశయ క్యాన్సర్‌తో ముడిపెట్టాడు. మిగతాచోట్ల అరుదైన పొలుసుకణ రకమే ఈజిప్టులో చాలాకాలం ప్రధానంగా ఉండేది. ఇక అద్దకపు రంగుల కార్మికుల్లో మూత్రాశయ గడ్డల్ని ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు రేన్ 1895లోనే బయటపెట్టాడు.

మూలికల కథ ఇంకా విచిత్రం. బెల్జియంలో సన్నబడటానికి వాడిన చైనా మూలికల పొడిలో ఒక దినుసుకు బదులు అరిస్టోలోకియా కలిసింది. తిన్న ఆడవాళ్ల మూత్రపిండాలు పాడయ్యాయని 1993లో తేలింది. ముందుజాగ్రత్తగా మూత్రపిండాలూ నాళాలూ తీయించుకున్న 39 మందిలో 18 మందికి క్యాన్సర్ ఉందని 2000లో వెల్లడైంది. మన గాడిదగడప, ఈశ్వరి ఆ జాతి మొక్కలే. నాటుమందు కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదు.

1877లో నిట్జే తెచ్చిన సిస్టోస్కోప్ అనే గొట్టంతో మూత్రాశయంలోకి చూపు వెళ్లింది. 1945లో పాపనికొలౌ, మార్షల్ మూత్రంలో రాలిన కణాల పరీక్షను ప్రచురించారు. నేడు సీటీ యూరోగ్రఫీ, సన్నని గొట్టంతో బయాప్సీ తోడయ్యాయి. నాళపు గడ్డ ముదిరితే మూత్రపిండంతో సహా నాళాన్నంతా తీస్తారు. తర్వాత 90 రోజుల్లోపు కీమో ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని పౌట్ అనే పరిశోధన 2020లో చూపింది. యురేకస్ గడ్డకైతే బొడ్డుతో కలిపి కోయాలి.

పని గురించీ నీళ్ల గురించీ ఆరా నేటికీ అవసరమైన చోటు ఒకటి దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్. అందులో ఫ్యాక్టరీలూ గోదాములూ కార్మికుల బసలూ పక్కపక్కనే ఉంటాయి. ఎన్‌ఎంసీ రాయల్ ఆసుపత్రి కూడా అక్కడే. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో కిడ్నీ రాళ్లు మామూలే. కాబట్టి మూత్రంలో రక్తం పడినా చాలామంది రాయే అనుకుని ఊరుకుంటారు. నొప్పి లేకుండా రక్తం పడితే మరింత అనుమానించాలి. ఈజిప్టు నుంచి వచ్చినవాణ్ని కాలవల గురించి, రంగుల ఫ్యాక్టరీలో చేసినవాణ్ని పాత కొలువుల గురించి అడగడం అక్కడి డాక్టరుకు స్కానింగ్ అంత అవసరం.

ఈ క్యాన్సర్లు తిరగబెడతాయి, ఏళ్ల తరబడి సిస్టోస్కోపీ తప్పదు. వీసా ముగిసి ఇంటికొచ్చేవాళ్లు బయాప్సీ స్లైడ్లూ మైనపు బ్లాకులూ వెంట తెచ్చుకుంటే, 1955లో మొదలైన హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల చాలాసార్లు మళ్లీ ముక్క తీయకుండానే రకాన్ని సరిచూడవచ్చు.