రెండు ఉంగరాల బాకీ

బేరం ఖాయమైందని గుర్తుగా కొనేవాడు తన వేలి ఉంగరం తీసి అమ్మేవాడి చేతిలో పెట్టాడనుకుందాం. ఆ తర్వాత కొనేవాడే మాట తప్పితే ఉంగరం మీద ఆశ వదులుకోవాల్సిందే. అమ్మేవాడు తప్పితే మాత్రం ఆ ఉంగరం ఒక్కటి తిరిగిస్తే చాలదు, దానికి రెట్టింపు ఇచ్చుకోవాలి. ఈ మాట రాసినవాడు విజ్ఞానేశ్వరుడు. యాజ్ఞవల్క్య స్మృతికి ఆయన చేసిన మితాక్షర వ్యాఖ్యలో, సత్యంకారం గురించి చెప్పేచోట ఉంది. కోస్తా వాళ్లు సంచకారమనేదీ, మా పాలమూరు వైపు బయానా అనేదీ అదే.

వంటింటి అల్మారాల కోసం బెంగుళూరు కంపెనీకి అడ్వాన్సు కట్టాక ఆ కంపెనీ దివాలా తీస్తే పైసలు ఎట్లా వస్తాయని కొత్తకోటలో తెలిసినాయన ఒకరు అడిగారు. జవాబు కోసం 2016 నాటి దివాలా చట్టం తెరిచినవాణ్ణి, ఎటెటో తిరిగి ఈ ఉంగరం దగ్గర తేలాను. తేలాక ఒక పట్టాన వదలబుద్ధి కాలేదు.

ఎందుకంటే ఇది ఎక్కడో గంగ ఒడ్డున పుట్టిన రాత కాదు. విజ్ఞానేశ్వరుడు ఉన్నది కల్యాణిలో, 1076 నుంచి 1126 దాకా ఏలిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో. కల్యాణి అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. 1956 దాకా మనతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. పానగల్లు, కందూరు నుంచి ఏలిన కందూరు చోడులు ఆ చాళుక్యులకే సామంతులు. పదమూడో శతాబ్దంలో కేతన ఇదే ధర్మశాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లో పెట్టాడు. అంటే అడ్వాన్సు తీసుకుని ఎగ్గొట్టినవాడి సంగతి మనం తెలుగులో చదువుకోవడం మొదలై ఏడు వందల ఏళ్లు దాటింది. ఈ లెక్కకు దాయాదులు దూరదేశాల్లోనూ ఉన్నారు. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ఆరో శతాబ్దంలో రాయించిన న్యాయగ్రంథంలో సరిగ్గా ఇదే ఉంది: కొనేవాడు తప్పితే బయానా పాయె, అమ్మేవాడు తప్పితే రెట్టింపు. ఫ్రెంచి సివిల్ కోడ్‌లో 1590వ అధికరణంగా అది ఇప్పటికీ బతికుంది.

మరి తప్పినవాడి దగ్గర రెట్టింపు కాదు కదా, అసలే లేకపోతే? దీనికీ యాజ్ఞవల్క్యుడు జవాబిచ్చాడు, చదివితే నోరు చేదవుతుంది. చితికిపోయిన బాకీదారు తక్కువ కులంవాడైతే అప్పు కింద అతనితో పని చేయించుకోవాలట. బ్రాహ్మణుడైతే సంపాదన వచ్చినప్పుడల్లా మెల్లమెల్లగా కట్టించుకోవాలట. ఒకడికి వెట్టి, ఇంకొకడికి వాయిదాలు. ఈ రెండు దారులూ విజ్ఞానేశ్వరుడి తర్వాతి తొమ్మిది శతాబ్దాల్లో ఎక్కడా కలవలేదు.

కల్యాణి దాటితే నన్ను ఆపింది మార్కో పోలో. తమిళ తీరంలోని మాబారు రాజ్యంలో ఒక ఆచారం చూశానంటాడు. అడిగినప్పుడల్లా రేపు మాపనే బాకీదారు దారిలో దొరికితే, అప్పిచ్చినవాడు అతని చుట్టూ నేలమీద గీత గీస్తాడు. బాకీ తీర్చకుండానో జామీను ఇవ్వకుండానో ఆ గీత దాటితే మరణశిక్షే. ఒకనాడు ఆ దేశపు రాజే గుర్రమెక్కి వీధిలో పోతుంటే, అతను బాకీపడ్డ పరదేశి వర్తకుడొకడు రాజూ గుర్రమూ కలిసివచ్చేలా గీత గీశాడట. వర్తకుడికి సొమ్ము ముట్టేదాకా రాజు కదల్లేదు. పోలో గొప్పలకు పోయే మనిషే. అయినా ఈ కథ నిజం కావాలని నా కోరిక. అదే పోలో మోటుపల్లి గురించీ రాశాడు. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారు. తాను నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని గణపతిదేవుడు రాయించాడు. మునిగినవాడి సొమ్ములో ముందు రాజుకెంత, మిగతావాళ్లకెంత అన్న తగవు దివాలా చట్టాలకు ప్రాణం. ఆ తగవులో రాజు తనంతట తాను చెయ్యి వెనక్కి తీసుకున్న రాయి ఒకటి మన తీరంలో ఉండటం మనకు గొప్పే.

గీతకు తోబుట్టువు ధర్నా. ఇప్పుడంటే కలెక్టరేట్ ముందు చేసేది గానీ, మొదట్లో అప్పిచ్చినవాడు బాకీదారు గడప ముందు తిండి మాని కూర్చోవడం. తానక్కడ చస్తే పాపం ఇంటివాడికి చుట్టుకుంటుంది. ఇంగ్లీషువాళ్లకిది అస్సలు నచ్చలేదు. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో దైవాగ్రహం పేరు చెప్పి బెదిరించడం నేరమని రాసి, కింద ఉదాహరణగా ఇతరుల గడప ముందు ధర్నా కూర్చున్నవాణ్ణే ఇచ్చారు. 2023లో కొత్త న్యాయసంహిత రాసినవాళ్లు దాన్ని 354వ సెక్షన్‌కు మార్చారు, ధర్నావాణ్ణి మాత్రం లేపలేదు. పేదవాడి చేతిలో ఉన్న ఒక్క వసూలు సాధనం అట్లా నేరమైంది. దాని స్థానంలో వచ్చింది కోర్టు ఫీజు స్టాంపు.

కాకతీయుల నుంచి కంపెనీ దొరల దాకా ఒక్క దూకు దూకుతాను, నాకు అసలు ఇష్టమైన చోటు అటువైపుంది: 1857, 1859.

1857లో దేశమంతా తుపాకులు పేలుతుంటే కలకత్తాలో ఒక చట్టం నిమ్మళంగా పుట్టింది. అంతకుముందు 1850 నాటి చట్టం ప్రకారం కంపెనీ మునిగితే భాగస్తుల సొంత ఆస్తికీ ఎసరే. 1857 నాటి 19వ చట్టం ఆ భయం తీసేసింది. ఒక్క బ్యాంకులు, బీమా కంపెనీలు తప్ప మిగతావి పరిమిత బాధ్యతతో పెట్టుకోవచ్చు. వాటా కింద కడతానన్నంత కట్టి చేతులు దులుపుకోవచ్చు. ఇల్లూ వాకిలీ ఎవడూ ముట్టడు.

సరిగ్గా రెండేళ్ల తర్వాత, అదే కలకత్తాలో 1859 నాటి 13వ చట్టం వచ్చింది. అడగ్గా తెచ్చుకున్నది అక్కడి ఇంగ్లీషు వ్యాపారుల సంఘం. పనివాళ్లు అడ్వాన్సు తీసుకుని పనికి రావడం లేదని వాళ్ల మొర. చట్టం చెప్పింది ఇదీ: చేతిపనివాడైనా కూలివాడైనా, పని ఒప్పుకుని ముందుగా సొమ్ము తీసుకుని, సరైన కారణం లేకుండా పని చేయకపోతే యజమాని మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. సొమ్ము తిరిగి కావాలా, పని కావాలా అన్నది యజమాని ఇష్టం. దాన్నిబట్టి మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇస్తాడు. పనివాడు దాన్ని పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన జైలు. బాకీ తగవు మామూలుగా సివిల్ కోర్టులో నడవాలి. వడ్రంగి, తాపీమేస్త్రీ, కమ్మరి విషయంలో మాత్రం అది పోలీసు వ్యవహారమైంది. మొదట మూడు మహానగరాల కోసమన్నారు. చూస్తుండగా అస్సాం తేయాకు తోటలకు పాకింది, నీలగిరి, వయనాడు కాఫీ తోటలకు పాకింది. 1925లో రద్దు చట్టం చేసి, 1926 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేసేదాకా అరవయ్యారేళ్లు నడిచింది.

ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు విసుగు రాదు. పది రూపాయల అడ్వాన్సు తిన్న వడ్రంగి ఒళ్లు జామీను. పదివేలు తిన్న కంపెనీలో భాగస్తుడి ఇంటి గుమ్మం కూడా భద్రం. రాసినవాళ్లెవరూ యాజ్ఞవల్క్యుణ్ణి పక్కన పెట్టుకుని రాసి ఉండరు, కానీ వెట్టీ వాయిదాలూ మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

నిజాం రాజ్యం ఇంగ్లీషువాళ్ల చట్టం కింద లేదు. ఆ లోటు మా దగ్గర భగేలా తీర్చింది. పెండ్లికో చావుకో దొర దగ్గర కొంత సొమ్ము తీసుకున్నవాడు, అది తీరేదాకా జీతగాడు. మిత్తి మీద మిత్తి ఎక్కి కొడుకు కూడా జీతగాడే. 1345 ఫస్లీలో, అంటే 1936లో, నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ ఒక రెగ్యులేషన్ తెచ్చింది. గడీల మీద అది ఎంత నడిచిందో తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్లను అడిగితే చెబుతారు. దేశం మొత్తానికి వెట్టి రద్దు చట్టం 1976లో గానీ రాలేదు.

ఆ తర్వాతైనా అడ్వాన్సు పాలమూరును వదిలిందా? గుంపు మేస్త్రీ వచ్చి కుటుంబానికింతని చేతిలో పెడతాడు. ఆ సొమ్ము తీరేదాకా ఆనకట్టల మీద, సొరంగాల్లో, బొంబాయి, బెంగుళూరు మేడల మీద మట్టి మోయాలి. దేశంలో పెద్ద ప్రాజెక్టు ఎక్కడ కడుతున్నా పాలమూరు లేబర్ ఉంటుందని పేరు. మాట తప్పితే మేస్త్రీ మనుషులు ఇంటికి వస్తారు, వాళ్లకు ఏ ట్రిబ్యునలూ అక్కర్లేదు. ఇప్పుడు అదే కొత్తకోట నుంచి, రిటైరైన పంతులో, బెంగుళూరులో కొడుకున్న తల్లో, ఇంటి సింగారానికి ఎదురు అడ్వాన్సు కడుతున్నారు. పని ఒప్పుకున్నప్పుడు పది శాతం, డిజైన్ ఖాయమయ్యాక సగం, సామాను బయల్దేరకముందే మిగతాదంతా. చాలా కంపెనీల పద్ధతి ఇదే. పాత కాలంలో వడ్రంగి వాకిట్లోనే చెక్క కోసేవాడు, వారం వారం లెక్క చూసుకునేవాళ్లు. ఎగ్గొడితే వాడి ఇల్లు రెండు వీధుల అవతలే. ఆ కాలం బంగారమని అనను, వడ్రంగికి ఆ లెక్కలో ఎన్నిసార్లు కోత పడిందో అందరికీ తెలుసు. కానీ ఎవడి గడపకు పోవాలో అనుమానం ఉండేది కాదు.

అడ్వాన్సు తీసుకున్నది కంపెనీ కాక ఊళ్లోని ఒంటరి కాంట్రాక్టరైతే, అతను తీసే దివాలా పేరు ఐపీ. పత్తి వ్యాపారి ఐపీ పెట్టిండు, చిట్టీల సారు ఐపీ పెట్టిండు అన్న మాట వినని సంత పాలమూరులో లేదు. దానికి మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, వ్యక్తుల దివాలా భాగాన్ని కంపెనీలకు పూచీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మిగతా వాళ్లకు నూరేళ్ల ఆ పాత చట్టమే దిక్కు. దాని ప్రకారం అప్పు 500 రూపాయలుంటే చాలు, ఐపీ పెట్టొచ్చు. వసూలైన దాంట్లో ముందు సర్కారు బాకీ, దానితోపాటే పనివాళ్ల కూలి, అదీ మనిషికి 20 రూపాయలకు మించకుండా. ఇప్పుడు 20 రూపాయలకు చాయ్, సమోసా వస్తాయేమో. ఆ చట్టంలో బాధితులకు పనికొచ్చే సెక్షనూ ఒకటుంది. ఇల్లు పెండ్లాం పేరు మీద రాసి ఐపీ పెట్టిండు అంటారు కదా, అట్లా సరైన ప్రతిఫలం లేకుండా రెండేళ్లలోపు చేసిన బదిలీలను 53వ సెక్షన్ కింద కొట్టేయించవచ్చు. ఇక బాకీదారును సివిల్ జైలుకు పంపాలన్న పంతం ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడ అతని తిండి ఖర్చు అప్పిచ్చినవాడే కట్టాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ అట్లా అంటోంది.

కంపెనీ అయితే తగవు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోతుంది. 2016 దివాలా కోడ్‌లో ఇల్లు కొన్నవాళ్లకూ ఇంట్లో అల్మారా చేయించుకున్నవాళ్లకూ మధ్య పెద్ద గోడ ఉంది. మన దగ్గర ఇల్లు కొన్నవాళ్ల గోసకు మేటాస్ హిల్ కౌంటీ పెద్ద గుర్తు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కూలినప్పుడు, బాచుపల్లిలో దాని సోదర కంపెనీకి డబ్బు కట్టినవాళ్లు రోడ్డెక్కారు. చివరికి ఐఎల్ఎఫ్ఎస్ అనే ఫైనాన్స్ సంస్థ వచ్చి దాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఆదుకోవడానికి వచ్చిన ఆ ఐఎల్ఎఫ్ఎస్సే 2018లో కుప్పకూలింది. అదే ఏడాది జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, ఇళ్లు కొన్నవాళ్లను బ్యాంకుల సరసన ఆర్థిక రుణదాతలుగా కూర్చోబెట్టారు. రెరా చట్టం ప్రకారం కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి.

వంటింటి పనికి కట్టిన సొమ్ముకు వేరే ఖాతా అడిగేవాడు లేడు. అసలు అట్లాంటి అడ్వాన్సు ఇచ్చినవాడు రుణదాతేనా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది, అదీ చెన్నై మెట్రో పనికి తెప్పించాల్సిన లైట్ల కోసం కట్టిన 50 లక్షల దగ్గర. 2022 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: వస్తువుకో సేవకో ముందుగా సొమ్ము కట్టినవాడు కూడా ఆపరేషనల్ క్రెడిటరే. పేరైతే దక్కింది. కానీ స్వయంగా దివాలా పిటిషన్ వేయాలంటే 2020 మార్చి నుంచి బాకీ కనీసం కోటి ఉండాలి. కంపెనీని అమ్మేస్తే వచ్చే సొమ్ములో దివాలా కోడ్ 53వ సెక్షన్ వరస ఇదీ: ప్రక్రియ ఖర్చులు, కార్మికుల బాకీలు, వాటితో సమానంగా తాకట్టున్న బ్యాంకులు, ఉద్యోగులు, తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు, సర్కారు. ఆ తర్వాత 'మిగతా బాకీలు' అనే మూలలో మన అల్మారాల అడ్వాన్సు. కార్మికుడు 20 రూపాయల నుంచి పై వరసకు ఎక్కడం నాకు సంతోషమే. కానీ సర్కారు తర్వాత కూర్చోవడానికి వంటింటి తల్లి చేసిన తప్పేమిటి?

బ్రిటన్‌లో 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ఈ చిక్కును ఇంకో వైపు నుంచి విప్పింది. 100 పౌండ్లు దాటి 30 వేల పౌండ్ల లోపు ధర ఉన్న సరుకుకు క్రెడిట్ కార్డుతో కడితే, అమ్మినవాడు మునిగినా కార్డు ఇచ్చిన బ్యాంకు జవాబు చెప్పాలి. మన పార్లమెంటు ఆ పూచీ ఇంకా ఎవరి మీదా పెట్టలేదు.

అందుకే కొత్తకోట ఆయనకు చెప్పింది ఇది. కంపెనీ నడుస్తుండగానే పని ఆగితే వెంటనే వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే వేసుకోవచ్చు. ఉమ్మడి జిల్లా కమిషన్ మహబూబ్‌నగర్‌లో ఉంది, పని విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ట్రిబ్యునల్ దివాలా పిటిషన్‌ను స్వీకరించిందంటే దివాలా కోడ్ 14వ సెక్షన్ కింద కంపెనీ మీద కేసులన్నీ ఆగిపోతాయి. ప్రమోటర్ల మీద కేసులకు ఆ అడ్డు లేదని 2021లో టుడే హోమ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఫిర్యాదులో వాళ్లనూ చేర్చాలి. ఇక ట్రిబ్యునల్ పెట్టిన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఫారం బి నింపి, రసీదులు జతచేసి పంపాలి. దానికి మొదట ఇచ్చే గడువు 14 రోజులు. బాకీ రావాల్సినవాళ్లను పిలిచే ప్రకటన ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేస్తారు, అదీ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసున్న చోట. ఆయన అడ్వాన్సు కట్టింది బెంగుళూరు కంపెనీకి. ఆ ప్రకటన కన్నడ పత్రికలో వచ్చి వెళ్లిపోతుంది కాబట్టి, వారానికోసారి దివాలా బోర్డు వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూడమని కొడుకుకు చెప్పమన్నాను.