సీసపు రంగు, గీకే చెయ్యి

తెనాలిలో గానీ బాపట్లలో గానీ ముప్పై నలభై ఏళ్ళ కిందట కట్టిన ఇంటి వీధి గుమ్మం దగ్గర కాస్త వంగి చూడండి. గడప పచ్చగా ఉంటుంది, మీద ఎర్రటి బొట్లు. శుక్రవారం పూట పసుపు తడిపి రాసే ఓపిక తగ్గాక ఆ పని ఎనామిల్ డబ్బా చేతికి వెళ్ళింది. ఒకసారి వేస్తే రెండేళ్ళు చూడక్కర్లేదు. కాళ్ళు పడి అరిగిన చోట పొరలు బయటపడతాయి. పైన నిమ్మపండు పసుపు, దాని కింద ముదురు పసుపు, ఇంకా కింద ఎవరి పెళ్ళికో వేసిన ఎరుపు. అంచుల్లో పెచ్చులు లేచి ఉంటాయి. పాకే బిడ్డ ఇంట్లోంచి వరండాలోకి రావాలంటే ముందు చెయ్యి వేసేది అక్కడే. ఆ చెయ్యి మరుక్షణం నోట్లోకి పోతుంది.

పాత ఎనామిల్ పసుపుకి ఆ మెరుపు తెచ్చిన ముడిసరుకు చాలావరకు లెడ్ క్రోమేట్. అంటే సీసం ఉన్న రంగు. ఆ గడపని, తలుపుల్ని, కిటికీ ఊచల్ని పండక్కో పెళ్ళికో గీకి కొత్త రంగు వేసే మనిషి గురించి ఈ వ్యాసం. అతనికి ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని పని నేర్పించాలి, నేర్చుకున్నాడని కాగితం ఇవ్వాలి అన్న ఆలోచనకి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

సీసం మనకి కొత్త చుట్టం కాదు. ఈ నేలని ఏలిన శాతవాహనులు సీసంతో నాణేలు పోయించారు. గుళ్ళో ఆంజనేయస్వామికి పూసే సింధూరం సంప్రదాయంగా సీసపు భస్మమే. కానీ నాణెం సంచిలో ఉంటుంది, సింధూరం గర్భగుడిలో ఉంటుంది. సీసాన్ని ఇంటి గోడల మీదికి, పిల్లల చేతికందే ఎత్తుకి తెచ్చింది రంగుల పరిశ్రమ.

ఐరోపాలో తెల్ల సీసం తయారుచేసే పాత పద్ధతి ఒకటుంది. మట్టి కుండల్లో వినిగర్ పోసి, పైన సీసపు రేకులు పెట్టి, చుట్టూ పేడ గుట్టపోసి నెలల తరబడి వదిలేసేవాళ్ళు. పేడ వేడికి, వినిగర్ ఆవిరికి రేకులు తెల్లటి పొడిగా మారేవి. ఆ పొడిని లిన్సీడ్ నూనెలో నూరితే గోడని ఇట్టే కప్పేసే, ఎండకీ వానకీ తట్టుకునే తెల్లరంగు. అంతకు మించిన రంగు అప్పటికి లేదు. దాంతో పనిచేసినవాళ్ళకి కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తం పలచబడడం, చివరికి మణికట్టు జారిపోయి చెయ్యి వేలాడిపోవడం. పెయింటర్ల కడుపునొప్పి అని దానికో పేరే పడింది. సీసం పోతపోసేవాళ్ళ ఒంటిరంగు పాలిపోతుందని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండు వేల ఏళ్ళ కిందటే రాశాడు. తెలియక జరిగిన అన్యాయం కాదిది.

పెద్దవాళ్ళ సంగతి అలా ఉండగా, పిల్లల మాట ముందు తేల్చినది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్. అక్కడి కంటి డాక్టరు లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లో కారణం పట్టుకున్నాడు. వరండా కటకటాల మీద ఎండకి పొడిపొడిగా రాలుతున్న రంగు పిల్లల వేళ్ళకి అంటుకుని నోట్లోకి పోతోందని చెప్పాడు. వేడి, తేమ, వరండా, కటకటాలు. మన కోస్తా ఊళ్ళ వర్ణన చదువుతున్నట్టే ఉంటుంది. పిల్లల ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా తెలియదు. కాల్షియం అనుకుని పీల్చుకుని ఎముకల్లో దాచుకుంటుంది. పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తిండిలో ఇనుము, కాల్షియం తక్కువైన బిడ్డయితే మరీ. మెదడు ఎదిగే వయసులో అది చేసే నష్టం తర్వాత ఏ మందుకీ తిరిగిరాదు.

1921 నవంబరులో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశం ఒక ఒప్పందం చేసింది. తెల్ల సీసం రంగులకి సంబంధించిన 13వ నంబరు కన్వెన్షన్ అది. ఇళ్ళ లోపలి గోడలకి తెల్ల సీసం వాడొద్దంది. ఆ పనిలో ఆడవాళ్ళనీ పద్ధెనిమిదేళ్ళ లోపు కుర్రాళ్ళనీ పెట్టొద్దంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. నన్ను పట్టి నిలబెట్టింది దాని ఐదో అధికరణం. పొడిగా గీకినప్పుడు, రుద్దినప్పుడు లేచే దుమ్ము అదుపులో పెట్టాలి, పని అయ్యాక కడుక్కోడానికి ఏర్పాట్లుండాలి, పనిబట్టలు వేరుగా ఉండాలి, తీసుకోవలసిన జాగ్రత్తలు రాసి పెయింటర్ల చేతికి ఇవ్వాలి అని అందులో ఉంది. రంగు వేసే మనిషికి పాఠం చెప్పడం ప్రభుత్వం బాధ్యత అన్న మాటకి మొదటి అంతర్జాతీయ వేరు అక్కడుంది. ఆ ఒప్పందానికి బ్రిటన్ ఆమోదం తెలపలేదు, 1926లో తనకి తగ్గట్టు ఇంకో చట్టం చేసుకుంది. అమెరికా తెలపలేదు. ఇండియా కూడా తెలపలేదు.

అప్పటికి హౌరాలో 1902లో మొదలైన షాలిమార్ ఫ్యాక్టరీ రంగులు తయారుచేస్తూనే ఉంది. 1923 నాటి మన కార్మిక పరిహారం చట్టం సీసం విషాన్ని వృత్తిరోగాల జాబితాలో చేర్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో, ప్రభుత్వానికి కబురు చెయ్యవలసిన రోగాల పట్టికలో మొట్టమొదటి పేరు అదే. కానీ ఇవి ఫ్యాక్టరీ గేటు లోపలి మనిషిని చూసి రాసినవి. బ్రష్షు, బకెట్టు, నిచ్చెన సైకిలుకి కట్టుకుని తెనాలి మారిస్‌పేట నుంచి కొత్తపేటకి పనికి పోయే మేస్త్రీకి యజమాని ఎవరు? ఈ ఇంట్లో నాలుగు రోజులు, ఆ ఇంట్లో వారం. అతను ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు.

అమెరికా ఆలస్యంగా మేలుకుంది, మేలుకున్నాక ఒక తప్పు చేసి నేర్చుకుంది. 1971లో మొదటి చట్టం, 1978లో ఇళ్ళకి సీసపు రంగు అమ్మకం నిషేధం. కొత్త డబ్బా ఆగింది గానీ పాత ఇళ్ళు ఎక్కడికి పోతాయి? గీకి తీసేయమన్నారు. బాల్టిమోర్‌లో ఫార్ఫెల్, చిజమ్ అనే పరిశోధకులు అలా గీకించిన ఇళ్ళని పరీక్షిస్తే, పని అయ్యాక ఇంట్లో సీసపు దుమ్ము ముందుకంటే పెరిగింది. అందులో తిరిగే పిల్లల రక్తంలోనూ పెరిగింది. మంచి చెయ్యబోయి బిడ్డల నోట్లో విషం పోసినట్టయింది. రంగు ఎంత ప్రమాదమో, తెలియని చేతులతో తియ్యడం అంత ప్రమాదమని అప్పుడు తేలింది.

ఆ పాఠమే 1992లో చట్టమైంది. సీసపు రంగుని పరీక్షించేవాళ్ళకి, ప్రమాదం అంచనా వేసేవాళ్ళకి, తీసే కూలీలకి, వాళ్ళ మేస్త్రీలకి శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. ఆ పని నడుపుకోడానికి రాష్ట్రాలకి కేంద్రం గ్రాంట్లు ఇవ్వాలని చట్టంలోనే రాశారు. 1996లో వివరాలు ఖరారయ్యాయి. సీసం తీసే కూలీకి 16 గంటల పాఠం, పైన ఉండే సూపర్‌వైజరుకి 32 గంటలు. 2008లో ఇంకో మెట్టు ఎక్కారు. సీసం తియ్యడం కోసం కాకపోయినా 1978కి ముందటి ఇంట్లో మామూలు మరమ్మతుకి వచ్చేవాళ్ళలో కూడా కనీసం ఒకరికి 8 గంటల శిక్షణ ఉండాలన్నారు. 2010 ఏప్రిల్ 22 నుంచి అమలు. పాత రంగుని మంట పెట్టి కాల్చకూడదు, దుమ్ము పట్టే యంత్రం లేకుండా మిషన్‌తో రుద్దకూడదు, కింద ప్లాస్టిక్ షీటు పరవాలి, చివర తడిగుడ్డతో తుడిచి సరిచూడాలి.

న్యూజెర్సీలో పాత ఇల్లు అద్దెకి తీసుకున్న మన ప్రాంతపు కుర్రాళ్ళు ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు సీసపు రంగు గురించి ఒక చిన్న పుస్తకం, ఒక కాగితం వాళ్ళ చేతిలో పెడతారు. ఆ కాగితం వెనక ఇంత కథ ఉంది. రేపల్లెలో వాళ్ళ అమ్మానాన్నలు ఉండే ఇంటికి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు.

ఇక్కడ ఏం జరిగిందో చూద్దాం. 2000 నాటికి పెట్రోల్లోంచి సీసం తీసేశాం. పెద్ద విజయం అది. బెంగళూరులో డాక్టర్ వెంకటేష్ తుప్పిల్ లాంటివాళ్ళు జీవితమంతా సీసం సమస్య మీదే పెట్టారు. రంగుల సంగతి మాత్రం వెనకబడింది. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే స్వచ్ఛంద సంస్థ పేరున్న బ్రాండ్ల డబ్బాలు కొని పరీక్ష చేయించింది. 2008లో అచ్చయిన ఆ ఫలితాల్లో, నీళ్ళతో కలిపే ప్లాస్టిక్ రంగుల్లో సీసం తక్కువే. 31 ఎనామిల్ నమూనాల్లో మాత్రం నూటికి ఎనభైకి పైగా 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి, దాటాయి. ఆ వెయ్యి అప్పట్లో మన ప్రమాణ సంస్థ పెట్టిన, కంపెనీలు ఇష్టమైతే పాటించే హద్దు. ఈ తేడా మన ఇళ్ళకి ముఖ్యం. సున్నం కొట్టిన పాత గోడకి భయపడనక్కర్లేదు. చూడవలసినవి తలుపులు, కిటికీలు, గ్రిల్స్, గడప, బల్లలు, ఉయ్యాల.

2016 నవంబరు 1న కేంద్రం నియమాలు ప్రకటించింది. ఇంటి రంగుల్లో, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు, ఆ సంగతి డబ్బా మీద రాయాలి. ఏడాది తర్వాత అమలు. హద్దు మంచిదే, అమెరికాలో ఉన్నదీ అంతే. ఐతే ఇది డబ్బా దగ్గర ఆగిన చట్టం. నిజాంపట్నం హార్బరులో పడవలకి వేసేవీ, ఇనుప సామానుకి వాడే పారిశ్రామిక రంగులూ దీని కిందికి రావు. 2017కి ముందు వేసిన రంగు ఊసు లేదు. దాన్ని గీకే మనిషికి ఏం నేర్పాలో ఒక్క ముక్క లేదు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన లెక్కలో, రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు మన దేశంలోనే 27 కోట్లకి పైన. రంగు ఒక్కటే కారణం కాదు, పాత బ్యాటరీలు కరిగించడం, కల్తీ మసాలాలు, గిన్నెలు కూడా ఉన్నాయి. మిగతావాటికి మన చేతిలో లేని అడ్డంకులెన్నో. రంగు దుమ్ముని ఆపడం మాత్రం ఒక పూట నేర్పితే వచ్చే పని.

సముద్రపు గాలి మన ఊళ్ళకి ఇంకో చిక్కు తెస్తుంది. సూర్యలంక వైపు, రేపల్లె దిగువన ఉప్పుగాలికి గ్రిల్స్ తొందరగా తుప్పు పడతాయి, చెక్క ఉబ్బి రంగు పెచ్చులు లేస్తుంది. కాబట్టి లోపలి ఊళ్ళకంటే ఇక్కడ గీకుడు ఎక్కువ. పని ఎలా జరుగుతుందో అందరం చూసినదే. మొండిగా పట్టుకున్న రంగుని బ్లో ల్యాంపుతో కాల్చి స్క్రాపర్‌తో లాగుతారు. తర్వాత ఉప్పు కాగితంతో పొడిగా రుద్దుతారు. మూతికి కట్టిన తువ్వాలు ఆపేది పెద్ద నలుసుల్ని. పదింటికి టీ వస్తుంది, చేతులు పంచెకి తుడుచుకుని గ్లాసు అందుకుంటారు. దుమ్ము కొట్టుకున్న చొక్కాతోనే ఇంటికి పోతారు, అక్కడ చిన్నపిల్లలు ఎదురొస్తారు. ఇటు యజమాని ఇంట్లో చీపురుతో పొడిగా ఊడ్చేస్తారు, లేచిన దుమ్ము మంచాల మీద, బియ్యం డబ్బా మీద వాలుతుంది.

డబ్బు లేక పాఠం ఆగిందా అంటే అదీ కాదు. ఐటీఐల్లో పెయింటర్ జనరల్ అని రెండేళ్ళ కోర్సే ఉంది. 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, పని ముందే వచ్చినవాళ్ళని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. రంగుల పనికంటూ ప్రత్యేకంగా ఒక నైపుణ్య మండలి కూడా ఉంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం కింద కట్టడం ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు పెట్టారు. మరమ్మతు పని కూడా ఆ చట్టంలో నిర్మాణం కిందికే వచ్చింది, కాబట్టి రంగుల మేస్త్రీకి అందులో వాటా అడిగే హక్కుంది. అమెరికా 1992లో కొత్తగా నిధి తియ్యవలసి వచ్చింది. మనకి నిధి ఉంది, పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది. పాత రంగుని ఎలా ముట్టుకోవాలన్న పాఠాన్ని వాటిలో తప్పనిసరి చెయ్యడమే మిగిలింది.

నేర్పవలసినదాంట్లో సగం మన పనివాళ్ళకి ఇప్పటికే తెలుసు. కారుకి రంగు వేసేవాళ్ళు వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూనే రుద్దుతారు, ఒక్క రేణువు ఎగరదు. తలుపుకి అలా చెయ్యరు, ఎందుకంటే చెక్క తడిసి ఆరేదాకా మరుసటి కోటు వెయ్యడానికి లేదు. మిగతా సగం ఇది: నీళ్ళు చిలకరించి కొద్దికొద్దిగా గీకడం, బ్లో ల్యాంపు మానడం, కింద పాత ఫ్లెక్సీ పరిచి పెచ్చుల్ని మూటకట్టడం, టీకి ముందు సబ్బుతో చేతులు కడగడం, పనిచొక్కా అక్కడే మార్చి విడిగా ఉతికించడం. గర్భిణిని, పసిబిడ్డని పని అయ్యేదాకా వేరే చోటికి పంపమని ఇంటివాళ్ళకి చెప్పే ధైర్యం కూడా అందులో భాగమే. ఆ మాట మేస్త్రీ నోట రావాలంటే అతని చేతిలో ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉండాలి, లేకపోతే వినేవాళ్ళు ఉండరు.

ఇలా చేస్తే నాలుగు రోజుల పని ఐదు రోజులవుతుంది. ఇంటికి రంగులు మాట్లాడుకునేటప్పుడు చదరపు అడుగుకి ఇంత అని బేరమాడే మనం, పాత తలుపులున్న ఇంట్లో ఆ ఐదో రోజు కూలి కూడా కలిపి ఒప్పుకోవాలి.