అంగడి ఒకటి, పేర్లు రెండు

సిడ్నీనుండి సెలవులకు ఢిల్లీ వచ్చిన మా మిత్రుని కుమారుడొకడు, సాకేత్‌లో 'బర్గర్ కింగ్' అను ఫలహారశాల పలకను చూచి, "ఇది మా ఊరి హంగ్రీ జాక్స్ కదా! ఇచ్చట పేరు మార్చినారేమి?" అని అడిగెను. రొట్టె అదే, దాని నడుమ పెట్టు సరంజామా ఇంచుమించు అదే. పేరు మాత్రము వేరు. పిల్లవానికి వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఫైళ్ళలో తేడాలకు కారణములు వెదకుట నా నిత్యకృత్యము గనుక, ఈ సంగతిని కొంత తరచి చూచితిని. తరచినకొలది అందులో వంట తక్కువ, వ్యాజ్యములెక్కువ అని తేలినది.

పేరు మారుట మనకు కొత్త కాదు. ఊరిలో వెంకటేశ్వరరావుగారని పిలిపించుకొన్నవారు ఢిల్లీలో దిగిన మరునాటినుండి 'రావ్ సాబ్' అగుచున్నారు. ఇంటిపేరు ముందు వ్రాయు మన ఆచారము ఇచ్చటి గుమాస్తాకు తెలియక, జీతపు పట్టీలో తలక్రిందులైనవారును కలరు. దానివలన మనకు నష్టమేమియు లేదు. వర్తకునికి అట్లుకాదు, అతని పేరే అతని మూలధనములో సగము.

బర్గర్ కింగ్ 1950వ దశకపు తొలి సంవత్సరములలో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున పుట్టినది. 1967లో దానిని పిల్స్‌బరీ అను పిండి కంపెనీ కొన్నది. కెనడా దేశస్థుడైన జాక్ కోవిన్ ఆ సంస్థ అనుమతితో 1971లో ఆస్ట్రేలియాలో ఫలహారశాలలు తెరువబూనెను. తీరా చూడగా, అడిలైడ్ నగరములో ఒక చిన్న తినుబండారముల దుకాణము 'బర్గర్ కింగ్' అను పేరును అప్పటికే తన హక్కుగా నమోదు చేయించుకొని యుండెను. మహాసముద్రము దాటి వచ్చిన కంపెనీ చిన్న దుకాణము ముందు ఆగవలసివచ్చినది. పిల్స్‌బరీవారు తమ సరకుల పేర్ల జాబితానొకదానిని కోవిన్ చేతికిచ్చిరి. అందులో 'హంగ్రీ జాక్' అను అట్లపిండి పేరు కలదు. ఆకలిగొన్న జాక్ అని దాని భావము. కోవిన్ పేరును జాక్ అగుట మరియొక సౌలభ్యము. చివర నొక అక్షరము చేర్చి 'హంగ్రీ జాక్స్' చేసి, పెర్త్ నగర ప్రాంతమున ఇన్నలూలో మొదటి శాలను తెరచెను.

కథ అంతటితో ముగిసియుండిన బాగుండెడిది. దరిదాపు పాతికేండ్లలో జాక్ పేరు ఆ దేశమునందు ఇంటింటి మాట అయినది. ఈలోగా అడిలైడ్ దుకాణపు నమోదు గడువు తీరిపోయెను. అప్పుడు అమెరికా కంపెనీకి తన సొంత పేరుపై మరల మనసు పోయినది. ఆ దేశముననే 'బర్గర్ కింగ్' పలకలతో వేరుగా శాలలు తెరువసాగిరి. కోవిన్ కోర్టు కెక్కెను. ఒడంబడికను కంపెనీ సద్బుద్ధితో నడపలేదని న్యూ సౌత్ వేల్స్ అప్పీలు న్యాయస్థానము 2001లో తేల్చి, దాదాపు 4 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు ఆయనకు ఇప్పించినది. 2003 నాటికి ఆ కొత్త పలకలు దింపి, వాటిపైనను హంగ్రీ జాక్స్ అనియే వ్రాసిరి. అట్లపిండి పేరు రాజుగారి పేరును గెలిచినది. సముద్రమున కావలనున్న న్యూజిలాండ్‌లో మాత్రము బర్గర్ కింగ్ బర్గర్ కింగే.

ఆ సంస్థకు స్వదేశములోనే ఇంతకు పూర్వము ఇట్టి అనుభవము కలిగియుండెను. ఇలినాయ్ రాష్ట్రములోని మటూన్ అను చిన్న పట్టణమున హూట్స్ దంపతులకు 'ఫ్రిజిడ్ క్వీన్' అను ఐస్‌క్రీము అంగడి ఉండెడిది. రాణి ఉన్నచోట రాజును ఉండవలెననిపించినదట! 1957లో 'బర్గర్ కింగ్' అను ఫలహారశాల పెట్టి, 1959లో ఆ పేరును తమ రాష్ట్రములో నమోదు చేయించిరి. ఫ్లారిడావారు ఆ రాష్ట్రమున కాలు మోపినది 1961లో. దేశవ్యాప్తపు నమోదు పొందినదియు ఆ యేడే. వ్యాజ్యము 1968లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానమునకు చేరినది. దేశమంతట పేరు కంపెనీదే అనియు, మటూన్ చుట్టును 20 మైళ్ళ మేర మాత్రము హూట్స్ దంపతులదే అనియు తీర్పు నిలిచినది. రాష్ట్రమంతయు తమకే కావలెనన్న దంపతుల కోరికను కోర్టు అంగీకరింపలేదు. సద్భావముతో ముందు వాడినవానికి వాడిన మేరకే హక్కు: ఇది నాకు చాల సబబుగా తోచినది. మన గ్రామములలో ముందునుండి సాగులోనున్నవాని అనుభవమును గౌరవించు న్యాయము వంటిదే ఇది.

పేర్లు మారుటకు ఇదొక్కటే కారణము కాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 1977 నాటి ఫ్రెంచి భాషా శాసనము తరువాత, కే.ఎఫ్.సీ. అను కోడివేపుడు శాలలు ఫ్రెంచి మాటల పొడి అక్షరములతో పీ.ఎఫ్.కే. అయినవి. వింత యేమనగా, సాక్షాత్తు ఫ్రాన్సు దేశములో అవి నేటికిని కే.ఎఫ్.సీ.యే. మాతృభాషకు దూరమున నున్నవారికే దానిపై పట్టుదల హెచ్చు. ఢిల్లీ తెలుగువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మరికొన్ని చోట్ల కారణము కేవలము లాభదృష్టి. కార్ల్స్ జూనియర్ అను సంస్థకు స్వామియైన కంపెనీ 1997లో హార్డీస్ అను సంస్థను కొనియు, తూర్పు, దక్షిణ ప్రాంతములవారు ఎరిగిన ఆ పాత పేరును తీసివేయలేదు.

ఇక మన దేశపు ముచ్చట. బర్గర్ కింగ్ తన తొలి భారతీయ శాలను 2014 నవంబరులో ఈ సాకేత్‌లోనే తెరచినది. కాని పూణే నగరములో ఒక దంపతులు 1992 ప్రాంతమునుండియే అదే పేరుతో ఫలహారశాల నడుపుచుండిరి. కంపెనీ తన పేరును మన దేశమున 1979లోనే నమోదు చేయించియుండెను. అంగడి మాత్రము తెరువలేదు. 2011లో పూణేవారిపై దావా వేసిరి. మన 1958 నాటి చట్టములోని 33వ సెక్షను, 1999 నాటి చట్టములోని 34వ సెక్షను పూర్వవినియోగదారుని రక్షించునవి. కాగితముమీది నమోదు ఎక్కువా, పొయ్యిమీది పెనము ఎక్కువా అన్నదే ఇచ్చటి చిక్కు.

పదమూడేండ్లు దావా నడచినది. అంతకాలము ఒక చిన్న కుటుంబము తన పలకను నిలుపుకొనుటకు కోర్టు మెట్లెక్కుట ఎట్టిదో, పింఛను తగాదాలకై తిరిగిన మనలో కొందరికి తెలియును. 2024 ఆగస్టులో పూణే జిల్లా న్యాయస్థానము కంపెనీ దావాను కొట్టివేసినది. పూణేవారే ముందు వాడినవారనియు, కొనువారు భ్రమపడినట్లు రుజువు లేదనియు చెప్పినది. తమకు కలిగిన వేదనకై దంపతులు కోరిన 20 లక్షల రూపాయల పరిహారము మాత్రము, సాక్ష్యము చాలదని ఇప్పింపలేదు. కంపెనీ బొంబాయి హైకోర్టుకు పోగా, అప్పీలు తేలువరకు పూణేవారు ఆ పేరు వాడరాదని 2024 డిసెంబరులో ఉత్తరువైనది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును నిలిపివేసినది. పూణే అంగడికి తన పేరు మరల చిక్కినది. మటూన్ చుట్టు 20 మైళ్ళ గీత గీచినట్లు పూణే చుట్టును గీత గీయవలయునా, గీచినచో ఎంత మేర అనునది నాటికి అప్పీలులో తేలవలసియుండెను.