కోళ్ళగూటికి ఒక చట్టం

మా ఇంటి వెనక తోటలో కోళ్ళగూడు పెట్టిన మూడో రోజున పక్కింటాయన తలుపు తట్టాడు. చేతిలో కాగితాలు. మొహంలో కోపమేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళ సంగతి తెలిసిందే కదా, ముందు వాన గురించి రెండు మాటలు, ఆ తరవాతే అసలు విషయం. మా వీధిలో ఇళ్ళన్నీ 1930లలో కట్టినవి. అప్పట్లో స్థలం అమ్మినవాళ్ళు దస్తావేజులో కొన్ని షరతులు రాయించారు. ఇక్కడ దుకాణం పెట్టకూడదు, సారా అమ్మకూడదు, పందుల్నీ కోళ్ళనీ పెంచకూడదు. ఆ షరతులు ఇంటితో పాటు చేతులు మారుతూ మా దాకా వచ్చాయి. ఇల్లు కొన్నప్పుడు లాయరు పంపిన కట్టలో ఆ పేజీ ఉండే ఉంటుంది. అన్ని పేజీలూ ఎవరు చదువుతారు చెప్పండి!

"నాకైతే అభ్యంతరం లేదు, వీధిలో ఇంకెవరైనా అనొచ్చు, తెలిసుంటే మంచిదని..." అని కాగితాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"నీ కోడీ కుంపటీ లేకపోతే ఈ వీధికి తెల్లవారదా ఏమిటి, తిరిగిచ్చేద్దాం" అన్నారు మావారు. ఆయనకి అది హాస్యం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగే నాలుగు పెట్టలు. అవి కూడా గుడ్ల ఫారంలో ఉద్యోగ విరమణ చేసినవి. ఇక్కడ ఫారాల్లో పెట్టకి 72 వారాల వయసు వచ్చేసరికి గుడ్లు తగ్గాయని తీసేస్తారు. వాటిలో కొన్నింటిని కబేళాకి పోకుండా ఆపి, పెంచుకుంటామన్నవాళ్ళకి ఇచ్చే సంస్థలున్నాయి. మాకు వచ్చినవాటికి మెడ మీద ఈకల్లేవు. గడ్డి మీద దింపితే కాలు మోపడానికి భయపడి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. మా చిన్నది అప్పటికే నాలుగింటికీ పేర్లు పెట్టేసింది. వాటిని వెనక్కి ఎలా పంపుతాం?

అలా కోడి కోసం నేను చట్టం చదివాను. 1950లో ఇంగ్లండు, వేల్స్‌లకి చేసిన అలాట్‌మెంట్స్ చట్టం ఒకటుంది. ఊరి చివర కూరగాయలు పండించుకోడానికి అద్దెకిచ్చే మళ్ళ గురించిన చట్టమది. అందులో 12వ సెక్షను మాత్రం మళ్ళని దాటి పెరట్లోకి వస్తుంది. కౌలు పత్రంలో ఏం రాసున్నా, దస్తావేజులో ఏ షరతున్నా, ఆ స్థలంలో ఉంటున్న మనిషి వ్యాపారానికి కాకుండా పెట్టల్నీ కుందేళ్ళనీ పెంచుకోవచ్చు, వాటికి అవసరమైన గూళ్ళు కట్టుకోవచ్చు అని దాని సారాంశం. ఇరుగుపొరుగుకి ఇబ్బంది గానీ ఆరోగ్యానికి హాని గానీ కలగకూడదు, అంతే. చట్టంలో ఉన్న మాట పెట్టలే. పుంజుల ఊసు లేదు.

స్థలాల పత్రాల్ని ఇంత పవిత్రంగా చూసుకునే దేశంలో, ఒక కోళ్ళగూటి కోసం ఆ పత్రాల మాట చెల్లదని పార్లమెంటు ఎందుకు రాసింది? ఆకలి వల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుంటే, కోళ్ళకి తిండిగింజలు మోసుకొచ్చే ఓడలు మిగల్లేదు. 1941 నుంచి గుడ్లు కూడా రేషనే. మనిషికి వారానికి ఒక గుడ్డు, అదీ దొరికితే. 1942 నుంచి అమెరికా గుడ్ల పొడి డబ్బాల్లో వచ్చేది. ఆ పరిస్థితిలో ప్రభుత్వం జనానికి ఒక బేరం పెట్టింది. మీ గుడ్ల రేషను వదులుకోండి, బదులుగా పెరటి కోళ్ళకి కొంత దాణా ఇస్తాం, మిగతాది మీ వంటింటి తుక్కుతో సర్దుకోండి అని. బంగాళాదుంప తొక్కలు, క్యాబేజీ ఆకులు, కంచంలో మిగిలింది అన్నీ ఉడకబెట్టి ఆ దాణాలో కలిపేవాళ్ళు. కలప కూడా కరువే కాబట్టి పాత తలుపులు, సరుకుల పెట్టెల చెక్కలు, రేకు ముక్కలు, చేతికి ఏది అందితే దానితో గూళ్ళు లేచాయి. దస్తావేజుల షరతుల్ని యుద్ధకాలపు అత్యవసర నిబంధనలు పక్కన పెట్టాయి. యుద్ధం ముగిసినా రేషను పోలేదు. గుడ్ల మీద ఆంక్షలు 1953 మార్చి దాకా ఉన్నాయి. ఆ మధ్యలో, 1950లో, ఆ తాత్కాలిక వెసులుబాటునే శాశ్వతం చేశారు. ఆకలి పోయింది, సెక్షను ఉండిపోయింది.

మరి 1930ల వాళ్ళకి కోళ్ళంటే ఎందుకంత చిన్నచూపు? ఊరి అంచుల్లో కొత్తగా ఇళ్ళు కొనుక్కున్న గుమాస్తాలకీ టీచర్లకీ పెరట్లో కోడి అంటే వెనకబడిన పాత బతుకు గుర్తు అని నా ఊహ. మనకి తెలియని సంగతేం కాదు. హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీలో ఎవరైనా కోళ్ళగూడు పెడితే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు మండిపోదూ!

ఇంతా చేస్తే, అంతకు ఒక నూరేళ్ళ ముందు ఇదే దేశంలో కోళ్ళంటే పిచ్చి. 1840లలో చైనా వైపు నుంచి భారీ కోళ్ళు విక్టోరియా రాణికి చేరాయి. విండ్సర్ కోట పక్కన హోమ్ పార్కులో కోళ్ళకి ప్రత్యేకంగా ఒక భవనమే ఉండేది. రాణి పెంచితే ప్రజలు ఊరుకుంటారా? 1845లో లండన్ జూలో కోళ్ళ ప్రదర్శన పెట్టారు. ఆ పిచ్చి అమెరికాకీ పాకింది. అక్కడ పేరు తెచ్చుకున్న ఒక జాతికి బ్రహ్మపుత్ర నది పేరు పెట్టి, తరవాత 'బ్రహ్మ' అని కురచ చేశారు. సృష్టికర్త పేరు కోడికి! ఆ రోజుల్లోనే, 1844లో, నార్విచ్‌లో చార్లెస్ బార్నార్డ్ అనే ఆయన బట్టలు నేసే మగ్గం పద్ధతిలో ఇనుపతీగని నేసే యంత్రం తయారుచేశాడు. ఇవాళ మనం కోళ్ళ వల అనే ఆరు మూలల వల అక్కడ మొదలైనదే.

నేను మొదట కొన్నది కూడా ఆ వలే. తప్పు చేశాను. అది కోడిని లోపల ఉంచుతుంది, నక్కని బయట ఉంచలేదు. ఇక్కడ నక్కలు నడివీధిలో తిరుగుతాయి, పళ్ళతో ఆ సన్న తీగని చింపేస్తాయి. చివరికి వెల్డింగు చేసిన గట్టి జాలీ తెచ్చి, అంచుల్ని గూటి చుట్టూ బయటికి పరిచి, పైన మట్టి కప్పాం. తవ్వడానికొచ్చిన నక్క కాలికి తీగ తగిలి మానుకుంటుందని. రెండో శత్రువు ఎర్ర పేను. పగలంతా చెక్కల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి దండె మీద నిద్రపోయే కోడి నెత్తురు తాగుతుంది. మొదటి వేసవిలో మా పెట్టల తురాయిలు పాలిపోతే ఎండదెబ్బ అనుకున్నాను. ఒక రాత్రి టార్చిలైటు వేసి చూస్తే దండె కింద ఎర్రటి గీత కదులుతోంది. చెక్కగూడు తీసేసి ప్లాస్టిక్ గూడు కొన్నాం. 2004లో లండన్‌లో నలుగురు డిజైను విద్యార్థులు మొదలుపెట్టిన రంగురంగుల గూళ్ళ తరహా అది. సందులు తక్కువ, గొట్టం పెట్టి కడిగేయొచ్చు. చూడ్డానికి పెద్ద టిఫిను డబ్బాలా ఉంటుంది. అందం సంగతి అడక్కండి.

తెనాలి దగ్గర మా ఊళ్ళో నాయనమ్మకి ఈ గొడవేం లేదు. అరుగు కట్టేటప్పుడే మేస్త్రి లోపల బోలుగా వదిలి, ముందు చిన్న కంత పెట్టాడు. దానికొక చెక్కపలక, పలక జారకుండా ఒక రాయి. పొద్దుగూకేసరికి కోళ్ళే వచ్చి దూరేవి. పిల్లలకోడికి మాత్రం వెదురుగంప, పైన బరువుకి పాత పొత్రం. పొద్దున పలక తీస్తే ఊరంతా వాటిదే. ఎవరి పెంటకుప్ప మీద ఏం తిన్నాయో అడిగినవాళ్ళు లేరు. కొన్నేళ్ళు కొక్కెర తెగులు వచ్చి గూడు మొత్తం ఖాళీ అయ్యేది. నాయనమ్మ ఒక పూట బాధపడి, మళ్ళీ ఎవరి దగ్గరో గుడ్లు తెచ్చి పొదగేసేది. ఆ తెగులునే మన పశువైద్యులు రాణిఖేత్ అంటారు, ఇక్కడివాళ్ళు న్యూకాజిల్ అంటారు. రెండూ 1920లలో ఆ రోగాన్ని గుర్తించిన ఊళ్ళ పేర్లే.

నాయనమ్మ కోళ్ళు పండక్కి కూరయ్యేవి, అది మర్చిపోయి మురిసిపోవడం నాకు చేతకాదు. కానీ బతికినన్నాళ్ళూ నడిచాయి. మా నాలుగూ వచ్చింది పంజరాల్లోంచి. పెరటి కోడికి ఈ దేశం చట్టం రాసిన ఆ 1950లలోనే, ఫారం కోడి బ్యాటరీ పంజరంలోకి వెళ్ళింది. గుడ్లు చవకైపోయాక పెరట్లో కష్టపడేదెవరు? 1964లో రూత్ హారిసన్ 'యానిమల్ మెషీన్స్' అని పుస్తకం రాశాక గానీ ఆ పంజరాల సంగతి జనానికి పట్టలేదు. మరుసటేడు ప్రభుత్వ కమిటీ, జంతువుకి కనీసం లేవడానికీ పడుకోడానికీ తిరగడానికీ ఒళ్ళు సవరించుకోడానికీ కాళ్ళూ రెక్కలూ చాచడానికీ చోటుండాలంది. ఐరోపాలో ఆ పాత పంజరాలు నిషేధమైంది 2012లో. అప్పటిదాకా ఒక్కో పెట్టకి ఇవ్వాల్సిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, ప్రింటరులో పెట్టే ఎ-ఫోర్ కాగితం కన్నా తక్కువ. తరవాత వచ్చిన పంజరాల్లో 750. మా పెట్టలు గడ్డిని చూసి బెదరడంలో వింతేముంది.

అవి గడ్డికి అలవాటు పడి, మట్టిలో స్నానాలు నేర్చుకున్నాక, 2022 నవంబరు 7న ఇంగ్లండంతటా ఉత్తర్వు వచ్చింది. బర్డ్ ఫ్లూ. కోళ్ళన్నీ లోపలే ఉండాలి. లక్ష ఉన్న ఫారమైనా, నాలుగున్న మా పెరడైనా ఒకటే. అడవిపక్షి రెట్ట కూడా పడకుండా జాలీ మీద పైకప్పు వేశాం. ఏప్రిల్ 18 దాకా, అయిదు నెలలకి పైగా. తీగ దగ్గర నిలబడి నా వైపు చూస్తుంటే తలతిప్పుకునేదాన్ని. క్యాబేజీని తాడుకి కట్టి వేలాడదీస్తే ఎగిరెగిరి పొడిచేవి. ఆ చలికాలంలో రెండు పోయాయి. ఫ్లూ కాదు, వయసు. 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వానికి నమోదు చేయాలన్నారు, మిగిలిన రెండింటినీ చేశాను.

చట్టం కాపీ చూపించినప్పుడు పక్కింటాయన చాలాసేపు చదివాడు. యుద్ధం నాటికి ఆయన చిన్నపిల్లాడు. వాళ్ళమ్మ దుంప తొక్కలు ఉడకబెట్టే వాసన ఇల్లంతా ఉండేదని, కోళ్ళ తిండి కలపడం తన పనని చెప్పాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఒక సంచీ నిండా తొక్కలు తెచ్చి మా గుమ్మంలో పెడతాడు. 2001లో పశువులకి గాళ్ళు రోగం వచ్చాక ఇక్కడ వంటింటి తుక్కు కోళ్ళకి పెట్టడం నేరం. మాంసం గానీ పాలు గానీ వాడే వంటింటి గడప దాటిన దుంప తొక్క కూడా పనికిరాదు. నేను థాంక్స్ చెప్పి తీసుకుంటాను. ఆయన గేటు వేసుకున్నాక తీసుకెళ్ళి ఎరువు గుంటలో పోస్తాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.