మూసీ ఒడ్డున తెరచాప ఓడలు

సూర్యాపేటలో ఓడలేమిటి, సముద్రమెక్కడ మనమెక్కడ అని ఈ వ్యాసం పేరు చూసి నవ్వేవారు నవ్వవచ్చు. మొదట్లో మేమూ నవ్వుకున్నవాళ్ళమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు వూళ్ళలో వరి సంగతి చెప్పమంటే వందమంది ముందుకు వస్తారు. తెరచాప సంగతి చెప్పమంటే ఒక్కరూ దొరకరు. అయినా కొయ్యతో చిన్న ఓడలు చేయడం, తాళ్ళు తెగిపోయిన పాత నమూనా ఓడలకు మళ్ళీ తాళ్ళు కట్టడం అనే పిచ్చి మాలో ఇద్దరు ముగ్గురికి పట్టుకొని కొన్నేళ్ళయింది. ఆ పిచ్చి వెంట పోయి చూస్తే మన నది, మన రోడ్డు, చివరికి మన నోటి మాటలు కూడా సముద్రం దాకా పోయేవేనని తెలిసింది. అందుకే మన సంచికలో నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాం.

ముందు నది సంగతి. హైదరాబాదు నడుమ పారే మూసీ మన సూర్యాపేట పక్కగా వచ్చి, మిర్యాలగూడ దగ్గరలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ బెజవాడ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. ఇక రోడ్డు. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం, నిన్నమొన్నటి దాకా 9వ నంబరు అనేవాళ్ళం. హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా సాగి ఆ రోడ్డు ఆగేది ఎక్కడ? మచిలీపట్నంలో. గోలకొండ సుల్తానుల కాలంలో వారి పెద్ద రేవు అదే. మన బస్టాండు ముందు లారీలు వరసకట్టే రోడ్డు చివర ఒకప్పుడు ఓడలు లంగరు వేసుకొని వుండేవి.

ఆ ఓడల్లో ఏం పోయేది? 1618 నుంచి 1622 దాకా ఇంగ్లీషు కంపెనీ పనిమీద బందరులో వున్న విలియం మెథోల్డ్ గోలకొండ రాజ్యం గురించి ఒక వివరణ రాశాడు. జనవరిలో బయలుదేరిన ఓడలు అరేబియాలోని మోఖా రేవుకు పోయి సెప్టెంబరు, అక్టోబరుల్లో తిరిగి వచ్చేవట. మక్కా, మదీనాలకు వచ్చే యాత్రికులకు ఖైరాతుగా పంచడానికి సుల్తాను ఏటేటా ఆ ఓడల్లో బియ్యం పంపేవాడట. మిర్యాలగూడ రైస్ మిల్లుల సోదరులు ఈ సంగతి విని సంతోషించకుండా వుండరు.

1669 నుంచి 1679 దాకా ఈ తీరాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంకొక ఇంగ్లీషువాడు గోలకొండ రాజుగారి ఓడలు అరకాన్, తెనసరిం, సింహళం పోయి ఏనుగులను కొనుక్కొచ్చేవని రాశాడు. ఒక్కో ఓడలో 14 నుంచి 26 దాకా ఏనుగులట! కొయ్య ఓడలో ఇరవై ఏనుగులు నిలబడి బంగాళాఖాతం దాటాయంటే ఆ ఓడ అడుగు ఎంత గట్టిదో, దాన్ని కట్టిన వడ్రంగుల చేయి ఎంత గట్టిదో ఆలోచించండి. ఆ కాలంలో పెద్ద ఓడలు కట్టే చోటు గోదావరి పాయ మీది నరసాపురం. బందరులో తీరం దగ్గర నీళ్ళు లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా ఆగిపోతే సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. వీటిలో మేకన్నది వుండదు. పలకకు పలక ఆనించి, కొబ్బరి తాడుతో బట్ట కుట్టినట్లు కుడతారు. అల వచ్చి కొడితే పడవ కొంచెం వంగి తట్టుకుంటుంది. మేకులు కొట్టి బిగించినదైతే పగిలిపోతుంది.

ఇక మాటల సంగతి. బందరు అంటే ఫారసీలో రేవు. బందరు లడ్డు తినేటప్పుడల్లా ఒక ఫారసీ మాట కూడా కొరుకుతున్నామన్నమాట. లంగరు ఫారసీదే. సరంగు కూడా ఫారసీ సర్‌హంగ్ నుంచి వచ్చినదే. ఓడ నడిపించే పెద్ద నాఖుదా, ఆ మాటకు ఓడదొర అని అర్థం. ఖలాసీ అరబ్బీ మూలం. ఈనాడు రైల్వేలో ఖలాసీ అంటే ఎవరికీ ఓడ గుర్తు రాదు, కానీ ఆ మాట మొదట ఓడ పనివాడిదే. హిందూ మహాసముద్రం మీద పనిచేసిన లస్కర్లు అరబ్బీ, ఫారసీ, హిందుస్తానీ, పోర్చుగీసు మాటలు కలిపి ఒక ఓడ భాషనే తయారుచేసుకున్నారు. థామస్ రోబక్ దానికి నిఘంటువు కూర్చి 1811లో కలకత్తాలో అచ్చువేయించాడు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఆ మాటల్లో సగం తెలిసినట్టే వుంటాయి.

మాటలు మిగిలాయి సరే, మరి ఓడలేవి? ఇక్కడే మాకు చిక్కు వచ్చింది. మన వడ్రంగులు కాగితం మీద గీసి కట్టలేదు. కంటి అంచనా, మూర, జాన, తండ్రి దగ్గర నేర్చిన చేయి, అంతే. ఓడ పుచ్చిపోయి, కట్టినవాడు కూడా పోతే ఏమీ మిగలదు. తుఫానులు కూడా తక్కువేమీ చేయలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో బందరులో సుమారు 30 వేలమంది పోయారు. అంతకు ముందు 1789లోనూ 1839లోనూ తుఫాను ఉప్పెనలు కోరంగి రేవును దెబ్బతీశాయి. కోరంగి అంటే కాకినాడ దగ్గరి రేవు. అక్కడినుంచి ఓడలెక్కిపోయిన వాళ్ళని బట్టే బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలని పేరు పడింది.

మన ఓడల కొలతలు ఈరోజు మనకు దొరుకుతున్నాయంటే అది ఇద్దరు పరాయివాళ్ళ పుణ్యం. ఒకడు ట్రింకోమలీ నౌకాశాలలో పెద్ద వడ్రంగిగా పనిచేసిన జాన్ ఎడై. ఈ తీరాల పడవల మీద 1834లో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. కోరమండల్ తీరపు దోనె పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, అడుగుభాగం చదును అని అందులో రాశాడు. రెండోవాడు ఫ్రెంచి నావికుడు ఎద్మోఁ పారీ. ప్రపంచం చుట్టి వస్తూ పోయిన చోటల్లా అక్కడి పడవలను కొలిచి బొమ్మలు గీశాడు. వాటిని 1840ల మొదట్లో పెద్ద గ్రంథంగా తెచ్చాడు. ముసలితనంలో పారిస్‌లోని నౌకా మ్యూజియానికి అధికారి అయ్యాక ఆ గీతలను బట్టి పనివాళ్ళచేత వందకు పైగా చిన్న నమూనాలు చేయించాడు. తాను చూసిన పడవలు మళ్ళీ కనబడవని ఆయనకు అప్పుడే తెలుసు. ఆయనను తలచుకుంటే మాకు గౌరవమూ కలుగుతుంది, కొంచెం సిగ్గూ కలుగుతుంది.

ఇప్పుడు మా పని దగ్గరికి వస్తాం. కోదాడలో మా బంధువుల ఇంట్లో షోకేసులో ఒక ఓడ వుండేది. గల్ఫుకు పోయి వచ్చినవారు తెచ్చిన అరబ్బు ఓడ నమూనా. మన మూడు వూళ్ళలోనూ ఇలాంటివి చాలా ఇళ్ళలో వున్నాయి, బురఖ్ పటం పక్కన ఒకటి, టీవీ మీద ఒకటి. గమ్మత్తేమిటంటే అసలైన ఆ ఓడలు ఎన్నో మన దేశంలోనే పుట్టాయి. కేరళలోని బేపూరు వడ్రంగులు అరబ్బు వర్తకులకు తరతరాలుగా కట్టి ఇచ్చినవి. వాటిని అక్కడ ఉరు అంటారు. కోదాడ ఓడకు దారాలు పుచ్చి, స్తంభం వాలి, తెరచాప గుడ్డ పసుపు పచ్చగా అయిపోయింది. పారేస్తామన్నారు. మాకివ్వండి అని తెచ్చుకున్నాం.

పాత దారం కోసే ముందు ఏ తాడు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో గీసుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి. తొందరపడి కత్తెర పెడితే అంతే సంగతులు. ఎండిన జిగురును గోరువెచ్చటి నీటిలో తడిపిన దూదితో నానబెట్టి వదలగొట్టాలి. కొత్త దారం లావు లెక్క కట్టాలి. అడుగుకు పావు అంగుళం చొప్పున చేసిన నమూనా అయితే, అసలు ఓడలో అంగుళంన్నర తాడుకు ఇక్కడ అంగుళంలో 32వ వంతు దారం సరిపోతుంది. కుట్టుమిషను తెల్లదారం తెచ్చి చిక్కటి చాయ్ డికాక్షన్‌లో వేస్తే అచ్చం కొబ్బరితాడు రంగు వస్తుంది. (ఇరానీ హోటలు చాయ్ అయితే ఇంకా బాగుంటుంది, కానీ పాలు కలపక ముందే అడగాలి.) ఆరిన తర్వాత తేనెమైనం రాస్తే నూగు అణుగుతుంది. స్తంభాన్ని నిలబెట్టే తాళ్ళు ముందు, తెరచాపను ఆడించే తాళ్ళు తరువాత. రెండు పక్కలా సమంగా లాగకపోతే స్తంభం ఒక వైపుకు మొగ్గుతుంది.

ఇదంతా ఒక ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకొని, నెలరోజులు కూర్చొని, స్తంభానికి రెండు పక్కలా నిచ్చెన మెట్ల మాదిరి తాళ్ళ అల్లిక కట్టాం. చూసినవాళ్ళంతా వాహ్‌వా అన్నారు. పెళ్ళి పనిమీద బందరు పోయినప్పుడు, ఓడల మీద పనిచేసిన ఒక పెద్దాయనకు ఫొటో చూపించాం. చాలాసేపు చూసి, "ఇవి దొరల ఓడ తాళ్ళు బేటా. గాలి అటు మళ్ళిందనుకో, ఈ ఏటవాలు వాసాన్ని స్తంభం ముందునుంచి తిప్పి ఆ పక్కకి తేవాలి గదా! రెండువైపులా ఇట్టా కట్టి పడేస్తే ఎట్టా తిరుగుద్ది?" అన్నాడు.

ఆ మాటతో మా నెలరోజుల పని నీళ్ళపాలయింది. కానీ ఆయన చెప్పిందే నిజం. అరబ్బు తెరచాప మూడు మూలలది, పొడుగాటి ఏటవాలు వాసానికి కడతారు. స్తంభం పక్క తాళ్ళు వదులు చేసి బిగించుకునేవి. గాలి వచ్చే వైపువి బిగిస్తారు, రెండో వైపువి వదులు చేస్తారు. మేము కట్టిన తాళ్ళతో ఆ ఓడ ఒక్క మలుపు కూడా తిరగలేదు. షోకేసులో వుండేదానికి తిరగడమెందుకు అన్నారు ఇంట్లోవాళ్ళు. మేము మాత్రం అంతా విప్పి మళ్ళీ కట్టాం.

కట్టే వరస కూడా ఇలాంటిదే. విదేశాల నుంచి వచ్చే నమూనా కిట్లలో ముందు పక్కటెముకలు నిలబెట్టి వాటి మీద పలకలు అతికించమంటారు. మన తీరపు పాత పద్ధతి దీనికి తలకిందులు. పలకలే ముందు, ఎముకలు తర్వాత. కిట్టు పద్ధతిలో మన పడవ చేస్తే పైకి బాగానే వుంటుంది, లోపల అబద్ధం. ఈ కుట్టు పద్ధతి చచ్చిపోలేదని 1980లో ఒమాన్‌లోని సూర్ వూళ్ళో కట్టిన సోహార్ ఓడ చూపించింది. మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన ఆ ఓడ మస్కట్ నుంచి బయలుదేరి 1981లో చైనాలోని కాంటన్ చేరింది. మన నౌకాదళం కూడా అజంతా చిత్రంలోని ఓడను చూసి కౌండిన్య అనే కుట్టు ఓడను కట్టించి 2025 మేలో కార్వార్‌లో చేర్చుకుంది. కట్టినవారు బాబు శంకరన్ నాయకత్వంలోని కేరళ వడ్రంగులు. ప్లాను లేదు, గోడమీది బొమ్మ ఒక్కటే ఆధారం. అందుకని మద్రాసు ఐ.ఐ.టి.లో ముందు చిన్న నమూనా చేసి నీటిలో పరీక్షించారు. మా షోకేసు పనిని ఎగతాళి చేసేవారికి మేము ఈ సంగతే చెబుతున్నాం.

యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ వుంది, అంటే ఇంచుమించు 1800 ఏళ్ళ నాటి మాట. దాన్ని చేద్దామని మాలో ఒకరు పట్టుబట్టారు. నాణెం మీద కొలతలు దొరకవు గనుక ఎడై చెప్పిన దోనెతోనే మొదలుపెట్టాం. అడుగుకు పావు అంగుళం చొప్పున పొడవు పదిహేడున్నర అంగుళాలు, వెడల్పు అయిదు. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి తేలిక కొయ్య, చెక్కడానికి వెన్నలాంటిది. కానీ సన్నటి పలకగా చీల్చి వంచబోతే మా చేతుల్లో విరిగింది. మిర్యాలగూడలో పడగొట్టిన ఒక పాత ఇంటి టేకు దర్వాజా ముక్క దొరికితే దాన్ని కోయించాం. పలకలను వేడినీళ్ళలో నానబెట్టి వంచుతున్నాం. ఇప్పటికి రెండు వైపులా అయిదేసి పలకలు లేచాయి. ఎముకలు ఇంకా పెట్టలేదు.